గుడిమల్కాపూర్ మీదుగా ఆస్ట్రేలియా

జూన్ 19

ఏసిన. ఊరికెనే ఏసిన.

ఆస్ట్రేలియావోళ్లు ఇప్పుడు మనోళ్లకు గూడ వర్కింగ్ హాలిడే వీసా ఇస్తున్నరు. ఏడాది పోవచ్చు, ఆడాడ పని చేసుకోవచ్చు, ఆ పైసలతోనే తిరగొచ్చు, వాపస్ రావాలె. అడిగినోళ్లందరికి ఇయ్యరు. పేర్లు కంప్యూటర్ల ఏసి లాటరీ తీస్తరు. ముప్పై ఒకటి నిండినోళ్లు పనికిరారు. నాకు నవంబర్ ఆఖరుకు నిండుతయ్. అంటే నాకిదే ఆఖరి ఛాన్సు.

అట్లని నాకేం పెద్ద ఇష్టముందని కాదు. పోయినేడు పాస్‌పోర్టు చేపిచ్చుకున్నది ఊరికెనే. ఇంగ్లీషు పరీక్ష రాసింది గూడ ఊరికెనే.

బండి కాడ టమాటలు ఏరుకుంట కూసున్న అమ్మకు చెప్పిన. "పని చేసుకుంట తిరుగుడా? దానికి వీసా ఇస్తరా?" అన్నది.

"ఇస్తరు."

"నేను పెండ్లయినకాడి నుంచి మాదన్నపేటల బండి తోసుకుంట తిరుగుతనే ఉన్న. నాకెవ్వడియ్యలె."

బాపు నవ్విండు. బాపు జలమండలిల పని చేస్తడు. నల్లా ఎప్పుడొస్తదో బస్తీకంత చెప్తడు, ఇంట్లకొస్తే నోరు తెరవడు.

జూన్ 22, ఆదివారం

ఇజ్జత్ మొత్తం పోయింది.

చర్చిల పాటలయినంక అయ్యగారు "సాక్ష్యాలున్నోళ్లు లేవండి" అన్నడు. అంటే దేవుడు మేలు చేసినోళ్లు లేసి చెప్పాలె. అమ్మ లేసింది. కొంగు నెత్తి మీదికి సర్దుకున్నది. "ప్రభువు నామంలో అందరికి వందనాలు. నా బిడ్డ స్వీటీకి దేవుడు ఆస్ట్రేలియా వీసా ఇచ్చినందుకు స్తోత్రం" అన్నది. చర్చంత "స్తోత్రం!" అన్నది. నా చేతుల పాటల పుస్తకం కిందపడ్డది.

ఇంటికొచ్చే దాక ఆగిన. తలుపేసి షురూ చేసిన. "అమ్మా, నేను పేరే ఏసిన. లాటరీ ఇంకా తియ్యనే లేదు."

"తెలుసు."

"తెలిసి ఇచ్చిండని ఎట్ల చెప్తవే?"

"ఇచ్చినంక ఎవడైనా చెప్తడు. ఇయ్యకముందు చెప్తెనే విశ్వాసం. పొద్దుగాల బోణీ కాంగనె ఆ పైసలు కండ్లకద్దుకుంట గదా? అప్పటికి బండి నిండ మాలు అట్లనె ఉంటది. అయినా అద్దుకుంట."

"వంకాయలు, వీసా ఒకటేనా?"

"అమ్ముడు పోయేదాక రెండూ ఒకటే."

బాపు చెప్పులిడుసుకుంట "అయినంక చెప్పరాదె లీలా" అన్నడు. "నువ్వూకో" అన్నది. బాపు ఊకున్నడు.

మా చర్చిల ఇది కొత్త కాదు. సోమయ్య తాత మోకాలు బాగయిందని సాక్ష్యం చెప్పి మస్తు రోజులాయె, ఇప్పటికి కర్ర పట్టుకొనే ఒస్తడు. కానీ తాతను "మోకాలు ఎప్పుడు బయల్దేరుతది" అని ఎవ్వరడగరు. నన్ను అడుగుతరు.

జూన్ 24

అమ్మ చెప్పిన ముచ్చట అఫ్జల్‌గంజ్ దాక పాకింది. మా దుకాణంల మూటలెత్తే పెంటయ్యన్న మా చర్చే. తాళ్లు, టార్పాలిన్లు అమ్మే దుకాణంల నేను బిల్లులు కొట్టుడు డిగ్రీ అయినకాడి నుంచి. వైకుంఠం సేఠ్ అద్దాలు తీసి నా దిక్కు చూసిండు.

"పనికి పోతున్నవా, సెలవు మీద పోతున్నవా?"

"రెండూ సేఠ్. పని చేసుకుంట సెలవు."

"రెండూ ఒక్కతాన ఎట్లుంటయ్ బేటా? మన దుకాణంల చూడు. పనంటే పని. సెలవంటే..." జర ఆలోచించిండు. "సెలవు లేదు."

పెంటయ్యన్న కడుపు పట్టుకొని నవ్విండు. నేను గూడ నవ్విన. అప్పుడు సేఠ్, "మంచిది, పోయిరా. నీ జాగల మా తమ్ముని బిడ్డ స్రవ్యను కూసోబెడ్త. నెల రోజులు పని నేర్పియ్యి" అన్నడు.

అప్పుడే చెప్పొచ్చు, సేఠ్, ఏం రాలేదు, మా అమ్మ మాట అది అని. చెప్పలే. ఎందుకు చెప్పలేదో రేపు రాస్త.

జూన్ 25

స్రవ్య వచ్చింది. మంచి పిల్ల. బిల్లు మిషన్‌కు భయపడుతున్నది.

జూలై 10

మొదటి లాటరీ తీసిండ్రు. నేను లేను. ఇంకా తీస్తరట. ఫికర్ లేదు.

జూలై 11

ఫికర్ లేదు.

జూలై 20, ఆదివారం

చర్చి స్త్రీల సమాజపోళ్లు పెట్టె కొని ఇచ్చిండ్రు. ఎర్రది. చక్రాలున్నది. అందరు తలా కొంచెం ఏసుకొని కొన్నరట. పెంటయ్యన్న భార్య గోంగూర తొక్కు డబ్బా ఇచ్చింది. మహేశ్వరి ఆంటీ స్వెట్టర్ ఇచ్చింది, సొంతంగ అల్లింది, ఇటుక రంగుది. ఆమె అంగన్‌వాడి టీచర్. అమ్మకు, ఆమెకు పదేండ్ల సంది పడదు. పాటల ఎవరి గొంతు పైకి లేస్తదని లొల్లి. గసొంటామె నా కోసం కూసోని అల్లింది. ఆడనే తొడుక్కొని చూపిచ్చిన.

"ఎప్పుడే ప్రయాణం?" అన్నది.

"ఆగస్టుల ఆంటీ" అన్న.

అన్నది నేనే. అమ్మ కాదు. నా నోటితోని నేనే అన్న.

ఆగస్టు 3, ఆదివారం

సాగనంపే ప్రార్థన. నన్ను ముందల మోకాళ్ల మీద కూసోబెట్టిండ్రు. అయ్యగారు నెత్తి మీద చెయ్యి పెట్టిండు. సముద్రాలు, ఆకాశాలు అన్నిటిని దాటిచ్చి క్షేమంగ చేర్చుమన్నడు. ఎనక ఆడోళ్లంత ఏడుస్తున్నరు. నేను గూడ ఏడ్చిన. దొంగేడ్పు కాదు, ఎక్కిళ్లొచ్చినయ్.

నాకు పోవాలని ఉంది. ఇంతగనం ఉందని ఆయన చెయ్యి పడేదాక నాకే తెల్వదు. అఫ్జల్‌గంజ్, మాదన్నపేట, చర్చి, మళ్ల అఫ్జల్‌గంజ్. పుట్టినకాడి నుంచి ఈ తొవ్వల్నే తిరిగిన. సేఠ్‌కు ఎందుకు చెప్పలేదంటే గిందుకే. "పోయిరా" అని నాతోని ఒకరు అనుడు ముప్పై ఏండ్లల్ల అదే మొదటిసారి. ఆ మాటను నేను కాదనలేకపోయిన.

ఆగస్టు 12

దుకాణం పని అయిపోయింది. ప్రార్థన అయిపోయింది. ఇగ నేను పోయినట్టే లెక్క. మా ఇంట్ల ఎనక అర్రనే ఇప్పుడు ఆస్ట్రేలియా.

మహేశ్వరి ఆంటీ పొద్దుగాల కరివేపాకు కోసమని వచ్చింది. పెట్టె ఎనక దాక్కున్న. కూసున్నంక గుర్తొచ్చింది, పెట్టెను గూడ దాచాలె గదా, అది నాకన్న ముందు పోవాలె. దాని మీద దుప్పటి కప్పి, ఆ దుప్పటి కింద నేను. అమ్మ గుమ్మంల నిలబడి "మంచిగున్నదట, మస్తు చలట" అని చెప్తనే ఉంది. దేవుడా, ఆమెకు సిగ్గుండదా అనుకున్న. నాకుంటే దుప్పటి కింద ఎందుకుంట?

పొద్దుగూకి బాపు నోరు తెరిచిండు. "చిన్నమ్మ తాన పో బిడ్డా. పువ్వుల మండిల మనిషి కావాల్నంటున్నది."

ఆగస్టు 13

తెల్లారకముందే స్కూటర్ మీద. ఎర్ర పెట్టె ముందల, నేను ఎనక. ఎవరన్న చూస్తే ఎయిర్‌పోర్టుకే అనుకోవాలె. మూసీ దాటంగ బాపు "పాస్‌పోర్టు పెట్టుకున్నవా?" అన్నడు. పెట్టుకున్న. నవ్వు ఆగలే ఇద్దరికి.

ఆగస్టు 27

గుడిమల్కాపూర్. చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లె, బంతి, చామంతి హోల్‌సేల్ల అమ్ముతది. పొద్దుగాల లారీలొస్తయ్. గోనెలు దించాలె, తడి గుడ్డ కప్పాలె, చిన్న ఏపారులతోని కొట్లాడాలె. "భయ్యా, సహీ భావ్ లగావ్" అని నేనే అరుస్తున్న. నాకు ఇంత గొంతున్నట్టు నాకే తెల్వదు. అమ్మ గొంతే ఇది.

మొదటివారం నడుము పడిపోయింది. చేతులు పగిలినయ్. ఇప్పుడు గోనె భుజానికేసుకొని గల్లీ మొత్తం నడుస్తున్న.

ఈడ నన్నెవ్వరు ఎరగరు. లీలమ్మ బిడ్డ కాదు, జలమండలి డానియేలు బిడ్డ కాదు, పెండ్లి కాని పిల్ల కాదు. పొద్దుగాల పని, మధ్యాహ్నం నిద్ర, పొద్దుగూకేటప్పుడు యాడికంటె ఆడికి. ఈరోజు మెహిదీపట్నం దాక నడిచిపోయి హోటల్ల ఒక్కదాన్నే కూసోని చాయ్ తాగిన. ఉస్మానియా బిస్కిట్ నంజుకున్న. ఎవ్వరేమన్లే. ఇట్ల ఒక్కదాన్నే కూసోని తాగుడు నా బతుకుల ఇదే మొదలు. మస్తు ఖుషీ అయింది. ఇంకో చాయ్ చెప్పిన.

సెప్టెంబర్ 12

రెండో లాటరీ. నేను లేను.

ఫికర్ ఉంది.

సెప్టెంబర్ 29

బతుకమ్మ గిరాకీ. ఊపిరి సలపట్లే. చెప్పుల్ల, జుట్టుల, ఆఖరికి పప్పుల గూడ బంతి రేకులే. చిన్నమ్మ "మంచిగ కుదిరినవ్, గీడనే ఉండరాదే" అన్నది. "ఉండను చిన్నమ్మా, నేను పోవాలె" అన్న. చిన్నమ్మ నా మొకం దిక్కు చూసి మళ్ల అడగలే.

అమ్మ ఫోన్ చేసింది. ప్రతి ఆదివారం నా మంచిచెడ్డలు చర్చిల చెప్తున్నదట. ఇప్పుడు నేను ఒక ఫారంల పని చేస్తున్ననట. "ఏం ఫారమే?" అన్న. "పువ్వులది" అన్నది. "అబద్ధం ఆడలే గదా?"

అక్టోబర్ 25, శనివారం

దొరికిపోయిన.

చామంతి కుప్ప మీద నీళ్లు చల్లుతున్న. "కిలో ఎట్ల?" అన్నరెవరో. తల ఎత్తకుండనే చెప్పిన. తర్వాత తలెత్తిన. మహేశ్వరి ఆంటీ. రేపు కోత పండుగ, చర్చి అలంకారానికి పువ్వుల కోసం వచ్చింది. నా ఒంటి మీద ఆమె అల్లిన స్వెట్టరే. పొద్దుగాల మండిల చలుంటది, రోజు ఏసుకుంటున్న.

ఆమె నన్ను చూసింది, స్వెట్టర్ను చూసింది. ఆఖరికి, "ఆస్ట్రేలియాల చామంతి మస్తు పిరమున్నదే పిల్లా" అన్నది.

నాకు భూమి చీలితే బాగుండనిపించింది. మొత్తం చెప్పిన. గోనె మీద కూసోబెట్టి మొదటి నుంచి చెప్పిన. ఆమె చామంతులు ఏరుకుంట విన్నది. ఆఖరికి అడిగింది: "ఇంకా ఛాన్సున్నదా, ఖతమేనా?"

"పుట్టినరోజు దాక ఉంది."

"రేపు చర్చికి రా. నువ్వే లేసి చెప్పు. నేను చెప్తే మీ అమ్మ మీద పగతోని చెప్పిందంటరు."

పువ్వులు కట్టిచ్చుకుంట బేరం గూడ ఆడింది. వదల్లే.

అక్టోబర్ 26, ఆదివారం

రాయాలె. మర్చిపోకముందే రాయాలె.

ఎర్ర పెట్టె గుంజుకుంట లోపలికి పోయిన. చర్చి నిండ గుమ్మడికాయలు, వరి గొలుకలు, అరటి గెలలు, నేను నిన్న తడిపిన చామంతి. చక్రాల సప్పుడుకు పాట ఆగింది. పెంటయ్యన్న "అయ్యో, అప్పుడే వాపసా?" అన్నడు. అమ్మ మొకం తెల్లవడ్డది. ఆమె మొకం అట్లయిన దినం నాకు యాదికి లేదు.

సాక్ష్యాలన్నరు. లేసిన.

"అందరికి వందనాలు. నేను ఆస్ట్రేలియా పోలే. గుడిమల్కాపూర్ పోయిన. వీసా రాలే, లాటరీల పేరే రాలే. మా అమ్మ విశ్వాసంతోని చెప్పింది. ఆగస్టుల పోతున్న అని చెప్పింది మాత్రం నేను. అది విశ్వాసం కాదు, సిగ్గు. మీ పెట్టె, మీ స్వెట్టర్ తెచ్చిన. తొక్కు మాత్రం తిన్న."

ఒక్కరు నవ్వలే. నేను కూసోబోయి మళ్ల నిలబడ్డ. ఇంకోటి గూడ అన్న. "కానీ నాకు పోవాలని ఉంది. మస్తు ఉంది. చదువు కోసం కాదు, ఇంటి కోసం కాదు, సంపాదన కోసం కాదు. ఊరికెనే పోవాలని ఉంది. అట్ల ఒక ఆడపిల్ల పోవచ్చా లేదా నాకు తెల్వదు. ఉందని మాత్రం చెప్తున్న."

అప్పుడు అమ్మ లేసింది. కొంగు నెత్తి మీదికి సర్దుకున్నది.

"అయ్యగారూ, నా సాక్ష్యం నేను వాపస్ తీస్కోను" అన్నది. "ఇచ్చిండని చెప్పిన. ఇప్పుడు గూడ అదే చెప్తున్న. ఆయనకు లేటయితే నేనేం చెయ్యాలె?"

మొదలు సోమయ్య తాత నవ్విండు. కర్ర నేల మీద కొట్టి "మరి నా మోకాలు? నేనేమన్న వాపస్ తీస్కున్ననా?" అన్నడు. ఇగ చర్చంత నవ్వే. అయ్యగారు నవ్వొద్దని అద్దాలు తుడుసుకున్నడు, ఆపుకోలేకపోయిండు. ఎనక నుంచి ఎవరో "మా కోడలికి బాబు అని నేను ముందే చెప్పిన, పాప పుట్టింది, ఏమాయె!" అన్నరు. అయ్యగారు చేతులెత్తి అందరినీ నిమ్మళం చేసి, "స్వీటీ, ఈ సంవత్సరం ఈ గుడిల పూర్తిగ నిజమైన సాక్ష్యం నీదొక్కటే" అన్నడు. నేను ఆడనే కూలవడి ఏడ్చిన.

ఆరాధన అయినంక వేలంపాట. కోత పండుగకు తెచ్చినవన్ని పాట పాడుడు మా రివాజు. గుమ్మడికాయల పక్కన పెట్టెను, స్వెట్టర్ను పెట్టిన. వేలం పాడేది పెంటయ్యన్న. పెట్టె ఎత్తిండో లేదో మహేశ్వరి ఆంటీ మొదలుపెట్టింది. ఎవరు పెంచినా దాటుతనే ఉంది. అందరు ఆగిపోయిండ్రు. పైసలు కట్టి, పెట్టె గుంజుకొచ్చి నా కాళ్ల ముందల ఆపింది.

"ఇప్పుడిది సమాజంది కాదు, నాది. నీకు అరువిస్తున్న. నింపుకొని పో, నింపుకొని తేవాలె. ఖాళీగ తెస్తే తీస్కోను."

స్వెట్టర్ కోసం అమ్మ పాడింది. మహేశ్వరి ఆంటీ అల్లిన స్వెట్టర్ కోసం మా అమ్మ! ఆంటీ గూడ కావాల్నని పెంచింది, అమ్మ ఇంకా పెంచింది. ఇద్దరి గొంతులు పైకి లేసినయ్. ఈసారి మాత్రం ఎవ్వరికి చెవులు మూసుకోవాలనిపియ్యలే. అమ్మనే గెలిచింది, తెచ్చి నా భుజం మీద ఏసింది.

నవంబర్ 6

వచ్చింది.

నవంబర్ 6, మళ్ల

మండిల ఉన్న. ఫోన్ మోగింది. మెయిల్. ఇంగ్లీషుల ఉంది, నాలుగుసార్లు చదివిన. చిన్నమ్మకు తెల్గుల చదివి వినిపిచ్చిన. చిన్నమ్మ చేతుల బంతి గోనె ఉండె, మొత్తం నా నెత్తి మీద గుమ్మరిచ్చింది. గల్లీల ఏపారులంత "క్యా హువా, క్యా హువా" అంటున్నరు. "ఛోకరీ ఆస్ట్రేలియా జారీ!" అని అరిచింది. లారీ డ్రైవర్ హారన్ కొట్టిండు. ఎందుకో ఇంకో లారీవోడు గూడ కొట్టిండు.

అమ్మకు ఫోన్ చేసి చెప్పిన. "అమ్మా, లాటరీల పేరొచ్చిందే!"

"తెలుసు" అన్నది. "జూన్‌లనే చెప్పిన గదా." తర్వాత సప్పుడు లేదు. "అమ్మా?" అన్న. బాపు ఫోన్ తీసుకున్నడు. "మాట్లాడలేకపోతున్నది బిడ్డా. బండి కాడ కూలవడి ఏడుస్తున్నది. గిరాకీ అంత చూస్తున్నది."

అంటే ఆమెకు గూడ నమ్మకం లేకుండె. ఇన్ని నెలలు ఆమె గూడ భయపడుకుంటనే చెప్పింది.

నవంబర్ 14

కాగితాలన్ని పంపిన. పుట్టినరోజుకు ముందే. నేను ఆడ పని చేసిననని సేఠ్ దుకాణం తరఫున లెటర్ రాసిచ్చిండు, స్రవ్యనే టైపు కొట్టింది. మిషన్‌కు భయపడట్లే ఇప్పుడు.

డిసెంబర్ 18

వీసా!!!

జనవరి 8

ఎయిర్‌పోర్టుకు ఆటోలు, స్కూటర్లు, అయ్యగారి వ్యాను. లోపలికి పోయేకాడ సెక్యూరిటీ ఆయన "ఇంతమంది ఎవర్ని పంపనీకి వచ్చిండ్రు?" అన్నడు. అందరు నా దిక్కు చూపిచ్చిండ్రు. నేను ఎర్ర పెట్టె మీద చెయ్యేసి నిలవడ్డ. ఈసారి దుప్పటి అవసరం పడలే.

సేఠ్ నైలాన్ తాడు తెచ్చి పెట్టెకు కట్టిండు. "సెలవు మీద పోతున్నవ్, పని మర్చిపోకు" అన్నడు. ఇంకో తడవ నవ్వినం.

జనవరి 19

టాస్మానియాల ఒక ఊరు. చెర్రీ తోట. ఎండాకాలమంటరు గానీ పొద్దుగాల చలికి దవడలు కొట్టుకుంటయ్. ఇటుక రంగు స్వెట్టర్ ఏసుకొని నిచ్చెన ఎక్కుతున్న. పక్క చెట్టు మీద కొరియా పిల్ల. ఎవరు అల్లిండ్రు అని అడిగింది. మా అమ్మ శత్రువు అని చెప్పిన. నిచ్చెన మీద నుంచి పడేంత నవ్వింది.

ఫిబ్రవరి 1

ఒక్కదాన్నే బస్సెక్కి సముద్రం చూసొచ్చిన. పుట్టినకాడి నుంచి చూడలే. మూసీ నీళ్లు చాలనుకున్న ఇన్నేండ్లు. నీళ్లల్ల నిలబడి గట్టిగ అరిచిన. ఎవ్వరేమన్లే. ఇంకోసారి అరిచిన.

ఫిబ్రవరి 22, ఆదివారం

చెర్రీలయిపోయినయ్. రేపటి నుంచి ఆపిల్లు.

సాయంత్రం బాపు వీడియో కాల్ చేసిండు. ఆడ ఆరాధన నడుస్తున్నది, బాపు ఫోన్ పైకెత్తి పట్టుకున్నడు. సాక్ష్యాలన్నరు. అమ్మ లేసింది. కొంగు నెత్తి మీదికి సర్దుకున్నది.

"ప్రభువు నామంలో అందరికి వందనాలు. నన్ను ఆస్ట్రేలియా తీస్కపోయి, నా బిడ్డ తోట చూపిచ్చి, క్షేమంగ వాపస్ తెచ్చినందుకు దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!" అన్నది చర్చి. అందరికన్న గట్టిగ మహేశ్వరి ఆంటీ.

అయినంక బాపును గుసగుసగ అడిగిన. "బాపూ, అమ్మకు పాస్‌పోర్టన్న ఉన్నదా?"

"లేదు బిడ్డా." బాపు అటు ఇటు చూసిండు. "కానీ మహేశ్వరి స్వెట్టర్ షురూ చేసింది."

ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్విన. తర్వాత లేసి తోట ఓనరమ్మ తాన పోయిన. మా రూముల ఇంకో మంచం పడతదా అని అడిగిన. ఎవరొస్తున్నరు అని అడిగింది.

"మా అమ్మ వచ్చింది" అన్న.